నీళ్లలో పురుగు పడింది

ఆ పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. సముద్రం వైపు మబ్బు దట్టంగా ఉంది. రోడ్డు వైపు అప్పుడే ఎండ కాస్తోంది. మధ్యలో మా షెడ్డు రేకుల మీద సగం వెలుగూ సగం నీడా. నేను వసారాలో తలుపు చెక్కకు చిత్రిక పడుతున్నాను. లోపల్నుంచి మా బావ గొంతు వినిపించింది.

"బామ్మర్దీ, ఒకసారి ఇలా వచ్చి నీ పనితనం చూసి పో."

బావ నోట 'పనితనం' అన్న మాట వచ్చిందంటే దాని వెనకాలే తిట్టు వస్తోందని అర్థం. చిత్రిక పక్కన పెట్టి వెళ్లాను.

పెద్ద ట్యాంకు నీళ్ల మీద సన్నటి పిండి తేలుతోంది. ఎవరో పైన కూర్చుని జల్లెడ పట్టినట్టుంది. వేలితో తీసి వాసన చూశాను. పాత చెక్క వాసన. తలెత్తి చూస్తే నడిమి దూలం అడుగున సన్నటి పగులు, పగుల్లోంచి అదే పిండి, ఆగి ఆగి రాలుతోంది.

"దూలానికి పురుగు పట్టింది," అన్నాను.

"అది నాకూ కనిపిస్తోంది. కొత్త కప్పుకి పురుగెలా పట్టిందని అడుగుతున్నా."

"కప్పు కొత్తది. దూలాలు పాతవి. నువ్వు తెచ్చినవే."

"తెచ్చింది నేనే. కోసి ఎక్కించిందెవరు?"

నేను వేలికంటిన పిండిని లుంగీకి తుడుచుకున్నాను.

"మాట్లాడవేం? మళ్లీ మూగనోము పట్టావా?"

గుమ్మం దగ్గర మంచం మీద కూర్చున్న బావ వాళ్లమ్మ అందుకుంది. "వాణ్ణి నోరు తెరవనీకురా. వాడు మాట్లాడితే వాన పడుతుంది. మబ్బు పట్టే ఉంది."

ఆ షెడ్డే మా ఇంటి కూడు. లోపల సిమెంటు ట్యాంకులు, వాటిలో సముద్రపు నీళ్లు. వేసవి రాగానే పెద్ద చేపలు గుడ్లు పెడతాయి. గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్ల కనురెప్ప వెంట్రుకంత ఉంటుంది, రెండు కళ్లు మాత్రం నల్లగా. ఆ వెంట్రుకల్ని వేలెడంత చేసి చెరువుల వాళ్లకు అప్పజెప్పడం బావ పని. వేసవి దాటిపోతే మళ్లీ ఏడాదికే. నేను వడ్రంగిని. వెనక గదిలో ఉంటాను, ముందు వసారాలో పని చేసుకుంటాను. మా అక్క, బావ, అత్త, నేను. నలుగురికీ ఒకటే పొయ్యి.

"పిండి పడ్డ నీళ్లు పారబోసి కొత్తవి పెడితే సరి," అన్నాడు బావ. ఆ రోజు నుంచీ పంపు మోత ఎక్కువైంది. సముద్రపు నీళ్లు గొట్టం చివర కట్టిన గుడ్డ సంచిలోంచి ట్యాంకులో పడేవి. సంచికి రెండు పొరలు, బయట ముతక గుడ్డ, లోపల సన్నటి గుడ్డ. రెండూ దాటి దిగాలంటే నీళ్లు ముక్కుతూ మూలుగుతూ దిగేవి. బావకు అంత ఓపిక లేదు. కొన్నాళ్లకు లోపలి పొర తీగ మీద ఆరుతూ కనిపించింది. ఉతికారనుకున్నాను. మర్నాడూ అక్కడే ఉంది. చెక్క నా పని, నీళ్లు ఆయన పని. ఒకరి పనిలో ఒకరం వేలు పెట్టకపోవడం వల్లే ఇన్నేళ్లు ఒక ఇంట్లో నెగ్గుకొచ్చాం.

పంపు ఆపిన ఒక మధ్యాహ్నం నిచ్చెన వేసుకుని దూలానికి చెవి ఆనించాను. లోపల ఎవరో గోటితో చెక్కను గీరుతున్నట్టు చప్పుడు. ఆగుతుంది, మళ్లీ గీరుతుంది. ఉలి పిడితో చిన్నగా తట్టాను. ఆగిపోయింది. నేను ఊపిరి బిగబట్టాను. అదీ బిగబట్టిందేమో. చివరికి నేనే ఓడిపోయి కిందికి దిగాను.

"ఏమంటోందిరా?" అని అడిగింది అక్క.

"భోంచేస్తోంది."

"ఎన్నాళ్లుగా?"

"అది వచ్చినప్పుడు ఆ దూలం ఇంకా ఎవరింటి మీద ఉందో."

అది నిజమే. చెక్కలో ఉండే పురుగు తొందరపడదు. ఏళ్ల తరబడి చీకట్లో చెక్క నములుతూ కూర్చుంటుంది. అంత ఎండిన చెక్కలో ఏం రుచి ఉందో, ఏం బలం ఉందో నాకు ఇప్పటికీ తెలియదు.

పిల్లలు పలచబడుతున్నాయని ముందు కనిపెట్టింది అక్క. మేత వేసేటప్పుడు ఆమె చెయ్యి చూసి గుంపుగా పైకి వచ్చేవి. ఆ గుంపు రోజురోజుకీ చిన్నదవుతోంది.

"చచ్చిపోతున్నాయేమోనండీ," అంది బావతో.

"చస్తే తేలాలి కదా. ఒక్కటీ తేలడం లేదు."

"మునిగిపోతున్నాయేమో."

"అడుగు ఊడ్చి చూశాను. ఏమీ లేదు."

బావ ముఖం చూస్తే ఆయనా పలచబడుతున్నట్టు అనిపించింది. ట్యాంకు అంచు మీద మోచేతులు ఆనించి గంటల తరబడి వంగి చూసేవాడు. భోజనానికి పిలిస్తే రెండోసారికి గానీ వినిపించుకునేవాడు కాదు.

నీళ్లు పరీక్ష చేసే ఆఫీసు నుంచి ఒక మేడమ్ మోపెడ్ మీద వచ్చి సీసాలో నీళ్లు పట్టుకెళ్లింది. మా అత్త ఆమెను నీళ్లమ్మాయి అంటుంది. తర్వాత కొన్ని రోజులకు ఆమె ఫోన్ చేసింది. బావ చేతులు తడిగా ఉంటే అక్క ఫోన్ ఆయన చెవి దగ్గర పట్టుకుంది. ఆమె గొంతు పెద్దది, అందరికీ వినిపించింది.

"నీళ్లలో పురుగు పడిందండీ. ముందు దాని సంగతి చూసుకోండి. నేను వీలు చూసుకుని..." అంతలో ఫోన్ కట్ అయింది.

బావ మెల్లగా తలెత్తి దూలం వైపు చూశాడు. అక్క చూసింది. నేను చూశాను. మంచం మీది అత్త కూడా కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసింది. సరిగ్గా అప్పుడే పగుల్లోంచి కాస్త పిండి రాలింది.

"విన్నావుగా," అన్నాడు బావ. "పైనుంచి నీ పురుగు పడుతోంది, కింద నా పిల్లల్ని తింటోంది."

"చెక్క తినే పురుగు చేపను తినదు బావా."

"దాని పొట్టలో దూరి చూశావా?"

ఇంకేముంది, రెండు రోజులకు సాక్ష్యం కూడా దొరికింది. పొద్దున్నే ట్యాంకు మధ్యలో ఒక పురుగు తేలుతోంది. బొటనవేలంత పొడవు, చెట్టు బెరడు రంగు. దాని మీసాలు దానికన్నా పొడుగు. కణుపులు కణుపులుగా, వెనక్కి వంగి, నీళ్ల మీద రెండు గీతలు గీసినట్టు పరుచుకుని ఉన్నాయి. పైన దూలానికి కొత్తగా ఒక కన్నం పడింది. కొలిచి ఉలితో తొలిచినట్టు కోలగా ఉంది. ఆ కన్నం చూసి నాకు ముచ్చటేసింది. పైకి అనలేదు.

బావ దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని ఎత్తాడు. అది మెడ ఆడిస్తూ కిర్రు కిర్రుమంది.

"దొంగ దొరికాడు," అన్నాడు.

"ఏదో చెప్పుకుంటోందిరా పాపం," అంది అత్త. "ముందు వినరాదూ."

"నా పురుగు నాకివ్వు," అని నేను చెయ్యి చాపాను. బావ నా అరచేతిలో పడేశాడు. అది మీసంతో నా బొటనవేలిని తడిమింది, తర్వాత చూపుడు వేలిని. ఎవరింటికి వచ్చానా అని కనుక్కుంటున్నట్టు. దానికి మీసాలోడని పేరు పెట్టి గాజు సీసాలో వేసుకున్నాను.

సాయంత్రం బావ బజారు నుంచి పురుగుమందు డబ్బా తెచ్చాడు. వంటింటి గుమ్మంలో పెట్టి నన్ను పిలిచాడు.

"రేపు నిచ్చెనెక్కి దూలాలన్నిటికీ ఇది పూసెయ్."

"కింద నీళ్లున్నాయి."

"కారకుండా పూయి."

"మందు కారదు సరే. మందు పీల్చిన పిండి రాలుతుంది."

"అయితే కప్పు పీకి అవతల పారెయ్."

"కప్పు లేకపోతే పిల్లలు ఎండకు ఉడికిపోతాయని నువ్వేగా వేయించావు."

"దేనికైనా ఒక అడ్డుపుల్ల వేస్తావు. వడ్రంగివి కదా, నీ దగ్గర పుల్లలకు కొదవా." బావ నవ్వలేదు. ఎప్పుడైనా ఇలాంటి మాట అంటే తనే ముందు నవ్వేవాడు. "చూడు. ఈ పిల్లలు పోతే నేను షెడ్డు మూసేస్తాను. మూశాక ఇంట్లో ఎవరి దారి వాళ్లదే. నువ్వు ఎక్కకపోతే ఎల్లుండి పొద్దున నేనే ఎక్కుతాను. అంతవరకూ నీ పొయ్యి నువ్వు చూసుకో."

పొయ్యి దగ్గర అక్క గరిటె ఆగింది. మళ్లీ కదిలింది. ఆమె తలెత్తలేదు. నేను వెనక గదికి వచ్చేశాను. కాసేపటికి కిటికీలోంచి ఒక కంచం లోపలికి వచ్చింది. చెయ్యి మాత్రమే కనిపించింది. గాజులు చూసి అక్కే అనుకున్నాను.

నాకు మిగిలింది ఒక్క రోజు. నా పురుగు చేపను తినదని బావకు చూపించాలి. ఎంత చెప్పినా వినేవాడు కాదు, కళ్లతో చూస్తే ఒప్పుకునే మనిషి. తెల్లారుతుండగా షెడ్డులోకి వెళ్లి, బిస్కెట్ల సీసాతో పెద్ద ట్యాంకులో నీళ్లు ముంచాను. కొన్ని పిల్లలు కూడా వచ్చాయి. వెంట్రుకల్లాంటి వాటిని కనిపెట్టడం కష్టమని సీసా వెనక పాత గొడుగు గుడ్డ కట్టాను. నల్లగుడ్డ ముందు పిల్లలు తెల్లగా మెరిశాయి. నీళ్లలోకి వాలుగా ఒక పుల్ల దించి, మీసాలోణ్ణి దాని మీద వదిలాను. వసారా గట్టు మీద సీసా పెట్టుకుని కూర్చున్నాను.

మీసాలోడు పుల్ల మీద దిగుతూ దిగుతూ వచ్చి మీసం కొసతో నీళ్లను తాకాడు. వెంటనే వెనక్కి తీశాడు. ఇంకో మీసం దించాడు. ఒక పిల్ల దగ్గరికొచ్చి ఆ కొసను మూతితో పొడిచింది. మీసాలోడు గిర్రున వెనక్కి తిరిగి పుల్ల పైకి ఎక్కేశాడు. తినేవాడు తిండిని చూసి పారిపోవడం నేనెక్కడా చూడలేదు.

బావను పిలుద్దామని లేవబోయాను. అప్పుడు సీసా అడుగు వైపు ఒక పిల్ల వింతగా కనిపించింది. తోక ఆడించడం లేదు. అయినా కదులుతోంది. కాస్త ముందుకు జరిగింది, ఆగింది, మళ్లీ జరిగింది. దాని రెండు కళ్లూ నన్నే చూస్తున్నట్టున్నాయి. వంగి ముక్కు గాజుకు ఆనించాను. పిల్ల చుట్టూ ఒక గీత ఉంది. గాజు గీసినప్పుడు పడే గీతలాంటిది. ఆ గీత పిల్లకన్నా పొడుగు, వేలి కణుపంత ఉంది. కొసన చేప తోకలాంటి రెక్క, పక్కన రెండు జతల పల్చటి రెక్కలు. ఆ గీత ఒక ప్రాణి. పిల్ల దాని లోపల ఉంది.

చాలాసేపు కదల్లేదు నేను. కదిలితే అది మాయమైపోతుందేమోనని. అది కూడా కదల్లేదు. నీళ్లలో వేలాడేసిన గాజుపుల్లలా నిలబడి ఉంది. చీపురుపుల్ల ఒకటి తీసుకుని దాని ముందు మెల్లగా తిప్పాను. పట్టించుకోలేదు. పుల్ల చివర గోటితో మీటాను. పుల్ల వణికిందో లేదో, ఆ గీత చటుక్కున దూకి పుల్లను కరుచుకుంది. ఎంత వేగమంటే, దూకడం నేను చూడలేదు. ఇక్కడ ఉండటం చూశాను, అక్కడ ఉండటం చూశాను. అబద్ధమని తెలిసి వదిలేసింది.

అంటే అది చూసి కాదు, వణుకును బట్టి పట్టుకుంటోంది. పిల్ల తోకాడిస్తే నీళ్లు వణుకుతాయి, అదే దానికి కబురు. మీసాలోడూ అంతే. రెండు కళ్లున్నా, మీసంతో తడిమి చూసుకుంటే తప్ప అడుగు వెయ్యడు. ఇద్దరూ చీకటి ఇళ్ల వాళ్లే. ఒకడికి తెలుసుకునే పరికరమంతా మీసాల్లో ఉంది, రెండోదానికి ఒంటి మీది నూగులో ఉంది. సీసాను వెలుతురుకు తిప్పితే ఆ నూగు కూడా కనిపించింది, కుచ్చులు కుచ్చులుగా.

మిగతాదంతా తలకిందులు. మీసాలోడికి ఒంటి నిండా కవచం, పట్టుకుంటే అరుపు. దీనికి తొక్క ఉందో లేదో కూడా తెలియదు, అరుపు సంగతి అడగనే అక్కర్లేదు. మీసాలోడి జాతి ఏళ్లపాటు తిన్నా తిన్నంత పిండి బయటికి పోసి, ఇదిగో నేనిక్కడున్నానని చాటుకుంటుంది. ఇది తిన్నదాని ఆనవాలు ఉంచదు. పిల్లను పిల్లగా మింగి ఊరుకుంటుంది. పిండి రాల్చినవాడు మాకు దొరికాడు. ఏమీ రాల్చనిది మా ముక్కు కిందే కూర్చుని మేస్తోంది.

బావ పంపు వెయ్యడానికి వసారాలోంచే వెళ్లాలి. వచ్చాడు. నా వైపు చూడకుండా దాటిపోబోయాడు.

"బావా."

"మందు పూస్తావా?"

"ఈ సీసా చూడు."

"చూశాను. నీళ్లు, నీ మీసాలోడు."

"కిందికి చూడు."

వంగాడు. మొదట కనిపించలేదు. గొడుగు గుడ్డ కాస్త పక్కకు జరిపాను. కనిపించినట్టుంది, మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"లోపలున్నది..."

"మన పిల్లే. ఇంకా కళ్లు కనిపిస్తున్నాయి."

చీపురుపుల్ల ఆయన చేతికిచ్చి ఎలా మీటాలో చూపించాను. మీటాడు. అది దూకింది. బావ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. మళ్లీ మీటాడు. మళ్లీ దూకింది. ఇలా ఎంతసేపు ఆడామో తెలియదు. అక్క రెండుసార్లు వచ్చి చూసి లోపలికి వెళ్లిపోయింది.

"అబ్బ," అన్నాడు బావ చివరికి. మెచ్చుకున్నాడో భయపడ్డాడో గొంతును బట్టి చెప్పలేను. "ఇది మన ట్యాంకులోకి ఎలా వచ్చింది?"

 అడిగినవాడే లేచి బయటికి వెళ్లాడు. తీగ మీద సన్నటి గుడ్డ ఇంకా ఆరుతూనే ఉంది. ఎండకు అట్టలా బిగుసుకుపోయింది. దాని కొసను బావ వేళ్ల మధ్య నలుపుతూ నిలబడ్డాడు. ఆ గుడ్డ తీసిందెవరని నేను అడగలేదు.  తర్వాత దాన్ని తీసి బకెట్లో నానేశాడు. గుమ్మంలో ఉన్న పురుగుమందు డబ్బాను ఎక్కడ పెట్టాడో మళ్లీ నాకు కనిపించలేదు.

ఫోన్ చేస్తే మధ్యాహ్నానికి నీళ్ల మేడమ్ వచ్చింది. సంచిలోంచి చిన్న మైక్రోస్కోపు తీసి వసారాలో నా పనిబల్ల మీద పెట్టింది. ఒక చుక్క నీళ్లలో ఆ పురుగును పరిచి చూసి, "రండి, చూడండి," అని పక్కకు జరిగింది. ముందు బావ చూశాడు, తర్వాత అక్క. నా వంతు వచ్చేసరికి మైక్రోస్కోపు అద్దం తడిగా ఉంది. తల ముందు రెండు వైపులా కొడవళ్లు, వరసగా. వాటి మీదకి ముసుగులా ఒక చర్మం కప్పుకుని ఉంది.

"వేటాడేటప్పుడు ముసుగు తీస్తుంది. మిగతా వేళల్లో కొడవళ్లు దాచుకుంటుంది," అంది మేడమ్. "బాణపు పురుగంటారు. సముద్రంలో ఎక్కడ చూసినా ఉంటుంది, కనిపించదు గానీ. గుడ్డో, చిన్న పిల్లో మీ గొట్టం సంచిలోంచి దూరి ఉంటుంది. నాకు సీసాలో దొరికింది కూడా పసిదే. అందుకే ఫోన్‌లో చెప్పాను కదండీ, నీళ్లలో పురుగు పడిందని."

బావ నా వైపు చూశాడు. నేను అక్క వైపు చూశాను.

"పడిందంటే," అన్నాడు బావ, "పైనుంచి పడిందనుకున్నాం."

మేడమ్‌కు ముందు అర్థం కాలేదు. దూలం వైపు చూసి, పిండి చూసి, అప్పుడు నవ్వు ఆపుకోలేక సంచిలో ఏదో వెతుకుతున్నట్టు తల వంచింది.

"బియ్యంలో పురుగు పడితే మీరెప్పుడైనా అటక మీదకి చూశారట్రా?" అంది అత్త.

"నువ్వూ చూశావుగా అమ్మా ఆ రోజు పైకి."

"మీరంతా చూస్తుంటే ఏముందోనని చూశాను."

అత్తకు ఆ పురుగు మీద మోజు పుట్టింది. కళ్లు సరిగా ఆనకపోయినా మైక్రోస్కోపు వదల్లేదు. "ఇది ఆడదా, మగదా అమ్మాయ్?"

"రెండూ అదేనమ్మా. ఒక్కదాంట్లోనే."

"అయితే ఆ ఇంట్లో గొడవలే ఉండవు. వీళ్ల చుట్టాలెవరు, మన ఇంటి మీసాలోడా?"

"కాదమ్మా. పేరుకే రెండూ పురుగులు. దీనికి దగ్గర చుట్టాలెవరో చదువుకున్నవాళ్లు కూడా చాలాకాలం కొట్టుకున్నారు."

"చుట్టాలు లేకపోతే ఇంకా హాయి."

పిల్లల్ని ఎలా కాపాడాలన్నది అసలు సంగతి. మందు వేస్తే రెండూ చస్తాయి. వడగడితే రెండూ ఒక్క గుడ్డలోనే ఆగుతాయి. బాణపు పురుగు చీకటి పడితే పైకి వస్తుందనీ, వెలుతురు పెరిగితే అడుగుకు దిగుతుందనీ మేడమ్ చెప్పింది. చేపపిల్లలు వెలుతురుకే పైకి వస్తాయని అక్కకు తెలుసు. రెండు మాటలూ కలిపి అందరం ఒకేసారి పైకి చూశాం. ఈసారి చూసింది దూలాన్ని కాదు, కప్పును. షెడ్డు లోపల పగలైనా మసకే.

"పొద్దుటెండ వరకే అయితే ఉడికిపోవు," అన్నాడు బావ. గొంతు తగ్గించి, "కప్పు పీకుతావా?" అని అడిగాడు.

"పీకుతాను."

"నిన్న పీకమంటే పీకనన్నావు."

"నిన్న కోపంగా అడిగావు."

ఆ రాత్రంతా, పిల్లల్ని మార్చబోయే కొత్త ట్యాంకు నిండుతూనే ఉంది. సంచికి రెండు పొరలు. నీళ్లు ముక్కుతూ మూలుగుతూ దిగాయి. తెల్లారగానే నేను పైకెక్కి పెద్ద ట్యాంకు మీది రేకులు ఒక్కొక్కటే విప్పాను. బావ కింద నిలబడి అందుకున్నాడు. పురుగు తొలిచిన దూలం కూడా దింపేశాం. వసారాలో దాన్ని చీల్చి చూస్తే, పిండి మధ్యలో ఒక తెల్లటి పురుగు ముడుచుకుని ఉంది. మెత్తగా, ఉండీ లేనట్టున్న కాళ్లతో, మీసాలు లేకుండా. చెయ్యి పట్టి లేపకపోతే లేవలేని పసిగుడ్డులా ఉంది.

"ఇదా మీసాలోడి బిడ్డ?" అంది అత్త. "ఒక్క పోలికా లేదే."

మీసాలోడి బిడ్డకు పోలిక రావాలంటే కొన్నేళ్లు చీకట్లో కూర్చుని, ఒళ్లంతా కరిగించుకుని మళ్లీ పోతపోసుకోవాలి. బాణపు పురుగు బిడ్డ మొదటి రోజు నుంచీ తల్లిలాగే ఉంటుందని మేడమ్ చెప్పింది, చిన్న బాణం. ఏది మేలో నాకు తోచలేదు. చీల్చిన చెక్కను మళ్లీ మూసి, తీగ చుట్టి, షెడ్డుకు దూరంగా పెరటి గోడవారన పెట్టాను. నా పని పాడు చేసినదాన్ని అలా ఎందుకు దాచానో బావ అడగలేదు.

ఎండ ట్యాంకులోకి నిటారుగా దిగింది. చాలాకాలం తర్వాత అడుగు కనిపించింది. చూస్తూ ఉండగానే పిల్లలు పైకి వచ్చాయి, నీళ్ల మీద మసిగీతల్లా. అక్క గిన్నెతో, బావ పెద్ద గరిటెతో, నేను బిస్కెట్ల సీసాతో ముంచడం మొదలుపెట్టాం. ముంచిన ప్రతి గిన్నెనూ ఒక గాజు సీసాలోకి వంచి అత్త దగ్గర గొడుగు గుడ్డ ముందు కాసేపు పెట్టేవాళ్లం. ఆమెకు కనిపించదని అందరికీ తెలుసు. పొద్దున్నే మళ్లీ వచ్చిన మేడమ్ పక్కన కూర్చుని చూసేది, పేరు మాత్రం అత్తది.

"పోనీ దీన్ని. మంచి గిన్నె," అనేది అత్త.

ఎండ ముదిరేదాకా ముంచాం. ఎన్ని మిగిలాయో బావ లెక్క పెట్టలేదు. కొత్త ట్యాంకు అంచున మోచేతులు ఆనించి వంగి చూశాడు. పలచగానే ఉన్నా, గుంపు గుంపుగానే తిరుగుతోంది. నేను పైకెక్కి మిగతా దూలాల మీద మళ్లీ రేకులు కప్పాను.

ముందు రోజు సీసాలో పట్టిన బాణపు పురుగు అప్పటికే చచ్చిపోయింది. చావగానే ఒళ్లు పాలలా తెల్లబడింది. గుడ్డా వద్దు, వెలుతురూ వద్దు, ఎవరికైనా కనిపించేంత తెల్లగా. బతికున్నన్నాళ్లూ దాచుకున్న ఒంటిని అప్పుడు గానీ సరిగా చూడలేకపోయాను. మీసాలోణ్ణి పుల్లతో సహా గోడ మీద వదిలాను. మీసాలు ముందుకు చాచి గాలిని తడిమాడు, ఒక పక్క, రెండో పక్క. ఏం కబురు అందిందో, రెక్కలు విప్పి బరువుగా ఎగిరిపోయాడు.

మేడమ్‌ను కూడా ఉండమంది అక్క. పొద్దుపోయిన భోజనం. వంటింట్లో నేల మీద ఐదు కంచాలు వరసగా పెట్టింది. బావ వచ్చి నా పక్క కంచం ముందు కూర్చున్నాడు. అక్క వడ్డించి తనూ కూర్చుంది. అన్నం వేడిగా ఉంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడే తెలిసింది, హడావిడిలో అక్క కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోయింది. పొద్దుటి నుంచీ సముద్రపు నీళ్లలో నానిన చేతులు, ఎంత కడిగినా ఉప్పు పూర్తిగా వదల్లేదు. ముద్ద కలిపేకొద్దీ సరిపోయింది. రోజూ ఉప్పు దగ్గర పేచీ పెట్టే బావ తల వంచుకుని కలుపుతున్నాడు. ఇంకాస్త అన్నం కోసం కంచం చాపాడు. అక్క వేసింది. ఎవరూ ఉప్పు అడగలేదు, తిన్నాం.